మలుపు దాటాక మారే కారు

మొన్న నాగారంలో దగ్గరి చుట్టాల పెళ్లికి వెళ్లాం. బారాత్‌కు పెళ్లికొడుకును పాతకాలపు కారు ఎక్కించారు. ఇప్పుడదో ఫ్యాషన్ అయింది. పైకప్పు నిండా బంతిపూలు, ముందు డీజే బండి, ఆ మోతకు కారు అద్దాలు గలగలమంటున్నాయి. నా పక్కన నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్న మా బామ్మర్ది, "రోల్స్ రాయిస్ దెచ్చిన్రు బావా, మామూలోళ్లు కాదు" అన్నాడు. నేను ఆలోచించకుండానే, "రోల్స్ రాయిస్ గాదు, ఏం గాదు. మోరిస్ మైనర్. తలుపుల నడుమ చెవి ఉన్నది సూడు" అన్నాను.

వాడు ఫోన్ దించి నన్ను ఎగాదిగా చూశాడు. నా దగ్గరున్నది పాత స్కూటరు. అదీ పదిసార్లు తన్నితే గానీ లేవదు. అలాంటి నేను విలాయతీ కారు చెవి గురించి మాట్లాడితే ఎవరికైనా అనుమానమే వస్తుంది. ఆ మాట నాది కాదని వాడికి చెప్పలేదు. ఆ మోతలో ఎంతని అరవను? అది నాచారం పెద్దమ్మ మాట. ఆమె పోయి ఇన్నేళ్లయినా ఇంకా నా నోట్లో తిరుగుతూనే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను నాచారంలో కేబుల్ నడిపేవాణ్ని. జనగామ దిక్కు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాణ్ని. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక దోస్తుతో కలిసి ఇళ్లకు వైర్లు లాగే పనిలో దిగాను. ఒక డాబా మీద రేకుల గది, అందులో మా కేబుల్ పెట్టెలు, చిన్న టీవీ, సీడీ ప్లేయర్, టేబుల్ ఫ్యాన్. ఆ గదిలో నేను ఏ సీడీ వేస్తే అది నాచారం నుంచి ఉప్పల్ రోడ్డు దాకా మా కనెక్షన్ ఉన్న ప్రతి ఇంట్లో ఆడుతుంది. పొద్దున భక్తి పాటలు, సాయంత్రం కొత్త సినిమా, మధ్యాహ్నం పాత సినిమా. మధ్యాహ్నం సినిమా ఎవరూ చూడరనే ధీమాతో అది పెట్టి నేను అన్నం తినేవాణ్ని.

ఆ ధీమా ఎక్కువ రోజులు సాగలేదు. ఒకరోజు ముద్ద నోట్లో ఉండగా ఫోన్ మోగింది.

"బిడ్డా, గిప్పుడు బంగ్లల నుంచి ఎల్లింది సూడు, గది వాక్సాల్" అంది ఒక ఆడగొంతు.

"ఎవరమ్మా? బొమ్మ వస్తలేదా?"

"బొమ్మ మంచిగనే వస్తున్నది. వాక్సాల్ అని జెప్తున్న. బానెట్‌కు రెండు దిక్కుల పొడుగ్గ కాల్వలుంటయి. గా కాల్వల్ల దుమ్ము ఇరుక్కుంటది. ఎంత కడిగినా పోదు."

అంతే, పెట్టేసింది. ఎవరో తిక్క మనిషి అనుకున్నాను. మర్నాడు మళ్లీ అదే వేళకు ఫోన్. "బిడ్డా, నేను" అంది, నేను ఆమెను పుట్టినప్పటి నుంచి ఎరిగినట్టు. "హీరోయిన్ తండ్రి దిగిండు గదా, గది ఆస్టిన్. ముందు జాలీ పట్టీలు సూడు. చీపురు పుల్లకు గుడ్డ సుట్టి ఒక్కొక్క సందు తుడ్వాలె, నడుములు పోతయి." ఆ తర్వాత రోజు స్టాండర్డ్ వాన్‌గార్డ్. దాని వీపు తాబేలు వీపులా ఉంటుంది కాబట్టి నీళ్లు పోస్తే అవే జారిపోతాయట, కడిగేవాళ్లకు దానంత సుఖం ఇంకో బండితో లేదట. మోరిస్ అయితే తలుపుల మధ్య నుంచి ఒక చిన్న పలక లేచి బండి ఎటు తిరుగుతుందో చూపిస్తుంది. దాన్నే ఆమె చెవి అనేది. చెవి సందులో నీళ్లు పోతే ఇక లేవదని, అక్కడ తడిగుడ్డ పెట్టొద్దని నాకు గట్టిగా చెప్పేది. నేనేదో రేపు పొద్దున్నే మోరిస్ కడగబోతున్నట్టు!

లోకంలో కార్లను చూసి గుర్తుపట్టేవాళ్లు ఉంటారు, నడిపి గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. కడిగి గుర్తుపట్టే మనిషిని నేను ఈమెనొక్కదాన్నే చూశాను.

ఒకసారి వాళ్ల ఇంట్లో బొమ్మ సరిగా రాకపోతే నేనే వెళ్లాను. నాచారం పాత ఊళ్లో రెండు గదుల ఇల్లు, ముందు విశాలమైన వాకిలి, ఒక మూల చేదబావి. మనిషి పొడుగు. పెద్ద పెద్ద చేతులు, ముతక గొంతు, మెడలో దారంతో వేలాడే కళ్లద్దాలు. సినిమా మొదలయ్యే ముందు ఆమె తడిగుడ్డ తెచ్చి టీవీ అద్దం పైనుంచి కిందికి తుడిచింది, తర్వాత పొడిగుడ్డతో అడ్డంగా తుడిచింది. కారు అద్దం తుడిచినట్టే. "కరెంటు కొడ్తది పెద్దమ్మా" అంటే, "ఇన్నేండ్లల్ల కొట్టలే, గిప్పుడు నువ్వొచ్చినవని కొడ్తదా?" అంది. తర్వాత ముక్కాలిపీట జరుపుకుని, ముక్కు టీవీకి తగిలేంత దగ్గర కూర్చుంది.

ఆమె కోడలు నాకు చాయ్ ఇస్తూ, "మా అత్తకు హీరో సచ్చినా ఫికర్ లేదన్నా, కారుకు గీత పడొద్దు" అంది.

అది నిజం. హీరోల పేర్లు ఆమెకు పట్టేవి కావు. "గా మోరిస్ నడిపెటోడు", "గా వాక్సాల్ ముసలోడు" అనేది. సినిమాలు కూడా అంతే. "రెండు ఆస్టిన్లు ఎదురెదురు వస్తయి సూడు, గా సినిమ ఎయ్యి" అంటే నేను సీడీల కుప్ప ముందు కూర్చుని వెతుక్కోవాలి. ఒక సినిమాలో విలన్‌కు పొడుగాటి హంబర్, హీరోకు చిన్న మోరిస్ ఇచ్చారు. చివరికి హీరో వెంటాడి పట్టుకున్నాడు. "మోరిస్ పోయి హంబర్‌ను పట్టుడేంది? దేవుడు దిగొచ్చినా పట్టదు" అని నాకు ఫోన్ చేసి తిట్టింది, కథ నేను రాసినట్టు. తప్పులు కూడా చెప్పేది. మధ్యాహ్నం ఆస్టిన్ అన్నదాన్ని రాత్రంతా తలచుకుని మర్నాడు ఫోన్ చేసి, "నిన్నటిది ఆస్టిన్ గాదు బిడ్డా, హిందుస్తాన్. మనసుల వెట్టుకోకు" అనేది. నేను ఎందుకు మనసులో పెట్టుకుంటాను? అయినా "పెట్టుకోను పెద్దమ్మా" అనేవాణ్ని. కొత్త కార్లంటే ఆమెకు లెక్కేలేదు. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు వరసగా పోయే కార్లను చూసి, "అన్నీ సబ్బుబిళ్లలే. ఒక్కదానికన్న మొఖం ఉన్నదా?" అంది.

ఈ చదువంతా ఆమెకు ఆ వాకిట్లోనే వచ్చింది. వాళ్ల పొలాలు ఫ్యాక్టరీలకు పోయాక ఆమె భర్త స్టీరింగు పట్టాడు. హబ్సిగూడలో ఒక బంగ్లా వాళ్లకు డ్రైవరుగా ఉండి, వాళ్లు అంబాసిడర్ కొనుక్కున్నప్పుడు వాళ్ల పాత హిల్‌మన్ తను తీసుకున్నాడు. దాన్ని పెళ్లిళ్లకు, సినిమా షూటింగులకు కిరాయికి తిప్పేవాడు. స్టూడియో దగ్గరే ఉంది. వాకిలి పెద్దది, బావిలో నీళ్లున్నాయి. దాంతో షూటింగుకు వచ్చిన మిగతా కార్లు కూడా రాత్రి అక్కడే ఆగేవి. తెల్లారేసరికి అవి తళతళలాడాలి. ఆ పని పెద్దమ్మది.

సొంత హిల్‌మన్‌ను మాత్రం ఆమె కడగడమే కాదు, నడిపింది కూడా. అప్పట్లో ఇండస్ట్రియల్ ఏరియా రోడ్లు ఆదివారం ఖాళీగా ఉండేవి. భర్త పక్కన కూర్చుని నేర్పించాడు. "కొంగు నడుముకు చెక్కుకోని, చెప్పులిడ్సి నడిపిన. మీ పెద్దనాయన పానం అరిచేతుల వెట్టుకోని కూసునేటోడు" అని చెప్పి పడీ పడీ నవ్వేది. ఆ బండికి ఒక లోపం ఉండేదట. డ్రైవరు పక్క తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. దిగాలంటే కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, వెనక్కి వంచి, బయటి పిడి తిప్పాలి. "ఎంతమంది మేస్త్రీలకు సూపించినా బాగు గాలే. మాకు గదే అలవాటైంది. పెండ్లిళ్లకు పోతే మంది నవ్వేటోళ్లు, గీ డ్రైవరేంది, సొంత బండికే దొంగతాళం తీస్తుండని."

సినిమాల్లో ఆమెకు అన్నిటికన్నా ముఖ్యమైన సీను ఒకటుంది. కారు లోయలో పడే సీను. అది వస్తుందని తెలియగానే కళ్లద్దాలు సర్దుకునేది. పాత సినిమాల్లో లోయలో పడే కారు, అప్పటి దాకా హీరో నడిపిన కారు ఒకటి కావు. మంచి కారును ఎవరు తగలబెట్టుకుంటారు? కొండ మలుపు దాకా మంచిది వస్తుంది. మలుపు దాటగానే, దాదాపు అలాగే కనిపించే ఒక పాత బండికి అదే రంగు పూసి దొర్లిస్తారు. అప్పట్లో చూసేవాళ్లకు తెలిసేది కాదు. పెద్దమ్మకు కనురెప్ప కొట్టేలోగా తెలిసేది. "మలుపు దాక ఆస్టిన్, మలుపు దాటినంక వాన్‌గార్డ్" అనేది. "బతికేటి బండి మలుపు కాడనే ఆగుతది. సచ్చేటి బండిని అవతల నిలవెట్టి ఉంచుతరు." ఆ తర్వాత ప్రతిసారీ ఒక్క మాట, కొంచెం గొంతు తగ్గించి: "మనది గాదు."

ఆ 'మనది గాదు' ఏమిటో నాకు చాలా కాలం తెలియలేదు. ఒకరోజు వాళ్ల వాకిట్లో చాయ్ తాగుతూ సరదాకే అడిగాను. "ఇన్ని కార్లు గుర్తుపడ్తవు గదా పెద్దమ్మా, మీ హిల్‌మన్ ఏ సినిమాల ఉన్నదో పట్టుకోలేదా?"

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత చెప్పింది. ఒకసారి ఆమె తల్లిగారింటికి అంబర్‌పేట్ పోయి వచ్చేసరికి వాకిట్లో బండి లేదు. దానికి విడి సామాన్లు దొరకడం లేదని, తిప్పలేకపోతున్నానని సినిమా కంపెనీకి అమ్మేశానన్నాడు భర్త. అడగలేదని ఆమె అలిగింది. అంతలో ఇంకో డ్రైవరు వచ్చి, "మీ హిల్‌మన్‌ను క్వారీల తోసి కాలవెట్టిన్రు వదినా" అని చెప్పిపోయాడు. ఆమె ఇక అన్నం ముట్టలేదు.

"అప్పుడు మీ పెద్దనాయన నా నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండు. కాల్చింది మనది గాదు, ఏదో తుక్కు బండి. మనది మద్రాసుల ఒక సేటు కాడ భద్రంగున్నది, నీ మీద ఒట్టు అన్నడు. గప్పుడు తిన్న."

"మరింకేంది పెద్దమ్మా?"

"ఏంది అంటవేంది? నా నెత్తి మీద ఏసిన ఒట్టు. అబద్ధమైతే నేను పోవాలె. నేను గుండ్రాయి లెక్కున్న. పోయిందేమో ఆయన. మరి గా ఒట్టు నిజమో కాదో నాకెట్ల తెల్వాలె? ఒక్కతీరు మనిషి. నాతోని ఎన్నడు అబద్ధమాడలే. గీ ఒక్కటి తెలుసుకోని పోవాలె బిడ్డా."

నవ్వాలనుకుని నవ్వలేకపోయాను. అంత గట్టి మనిషి, మొగుడు తన మీద వేసిన ఒట్టు తప్పాడేమోనన్న బాధ ఒక్కటే పెట్టుకుని, రోజూ టీవీ తుడుచుకుని కూర్చుంటోందని నాకప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం సినిమా నాకు కూడా అన్నం తినే టైమ్ కాకుండా పోయింది. ఆదివారం కోఠి ఫుట్‌పాత్‌ల మీద పాత సీడీల కుప్పల్లో వెతికేవాణ్ని. సినిమా పేరు ఆమెకు తెలియదు. కార్లున్న కవరు బొమ్మ కనిపిస్తే కొనేవాణ్ని. మా దోస్తు విసుక్కునేవాడు, "ఒక్క ముసలామె కోసం ఛానల్ నడుపుతున్నమా?" అని. కొన్నేళ్లు అట్లాగే నడిచింది. ఎన్నో కార్లు లోయల్లో పడ్డాయి. పడ్డప్పుడల్లా ఫోన్ వచ్చేది, మనది గాదని. ఆ గొంతులో ప్రతిసారీ ఒక నిమ్మళం వినిపించేది.

తర్వాత ఇంటింటికీ డిజిటల్ పెట్టెలొచ్చి నా రేకుల గదికి పని లేకుండా చేశాయి. రాష్ట్రం వచ్చిన ఏడాదే పెద్దమ్మ పోయింది. చూడ్డానికి వెళ్తే, వాకిలి నిండా జనం, ఒక పక్కన సబ్బుబిళ్లల్లాంటి కార్లు. ఇంకా చాలా సంగతులు చెప్పొచ్చు ఆమె గురించి. కానీ ఆమె పేరు తలచుకోగానే నాకు గుర్తొచ్చేది ఉద్యమం రోజుల్లో ఒక బంద్ నాటి మధ్యాహ్నమే.

ఆ రోజు బస్సుల్లేవు, దుకాణాల్లేవు, ఫ్యాక్టరీల్లేవు. ఊరంతా ఇళ్లల్లో ఉంది, అంటే ఊరంతా నా ఛానల్ ముందే ఉంది. నేనొక ముక్కూమొహం తెలియని రంగుల సినిమా పెట్టాను. పెద్దమ్మ వాళ్ల గల్లీలో కరెంటు పోయింది. మా గదికి ఇన్వర్టర్ ఉందని ఆమెకు తెలుసు. గొడుగు ఊతంగా పట్టుకుని, మెట్లు తిట్టుకుంటూ ఎక్కి వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ వేశాను. ముందుగా కొంగుతో నా టీవీ తుడిచింది.

సినిమా చివర్లో విలన్ల నుంచి తప్పించుకుంటూ హీరో నల్ల కారులో రాళ్ల గుట్టల మధ్య పోతున్నాడు. "అంబాసిడర్. అందులేముంది" అంది. మలుపు వచ్చింది. మలుపు దాటి ఇంకో నల్ల కారు బయటికొచ్చింది, క్వారీ అంచు వైపు పోతూ. పెద్దమ్మ నోరు తెరిచింది గానీ పేరు చెప్పలేదు. ఆ కారు కిటికీలోంచి కోటు తొడుక్కున్న ఒక చెయ్యి బయటికి వచ్చింది. వెనక్కి వంగింది. తలుపు బయటి పిడి పట్టుకుని తిప్పింది. తలుపు తెరుచుకుని, హీరోలాగే టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు కింద పడి దొర్లాడు. కారు అంచు దాటి పోయింది. మంట, పొగ.

"ఆపు" అంది పెద్దమ్మ.

ఆపాను. తెర మీద పొగ అట్లాగే నిలబడిపోయింది. నాకు భయమేసింది. "హిల్‌మనే గదా పెద్దమ్మా" అన్నాను మెల్లగా.

"గా దినాలల్లనే ఆయన మోచెయ్యి చెక్కుకపోయి ఇంటికొచ్చిండు" అంది, నాతో కాదు, టీవీతో. "సైకిల్ మీదికెల్లి పడ్డ అన్నడు. పసుపు పెట్టింది నేనే. ఇంకొకన్ని స్టీరింగ్ ముట్టనియ్యలే సూడు. సావనీకె పొయ్యే బండిని గూడ తనే తోల్కపోయిండు."

ఇన్నేళ్లు వెతికి వెతికి, ఆమెకు వద్దనుకున్నదే నా చేతులతో చూపించాను. "ఒట్టు సంగతి మనసుల వెట్టుకోకు పెద్దమ్మా. నువ్వు తినాలెనని అన్నడేమో" అన్నాను.

"ఒట్టు సంగతి ఇడ్సిపెట్టు. మల్లొక్కసారి ఎయ్యి."

వెనక్కి జరిపి వేశాను. మలుపు, చెయ్యి, తలుపు, మంట. మళ్లీ అంది. మళ్లీ వేశాను. అప్పటికి ఫోన్ మోగడం మొదలైంది. బంద్ కదా, అందరూ ఇళ్లల్లోనే ఉన్నారు. "ఏందన్నా, గా చెయ్యి ఎన్నిసార్లు జూడాలె?" అని ఒకడు. "సినిమ అయిపోనియ్యరా లేదా?" అని ఇంకొకామె. డిస్క్ ఇరుక్కుందని చెప్పి రిసీవర్ తీసి పక్కన పెట్టాను. పెద్దమ్మ ఇవేవీ వినలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. ప్రతిసారీ కారు క్వారీలోకి వంగేటప్పుడు ఆమె ముఖం పక్కకు తిప్పుకోవడం, కుడిచెయ్యి తనకు తెలియకుండానే కుర్చీ పక్క నుంచి బయటికి వెళ్లి, వెనక్కి వంగి, లేని పిడిని తిప్పడం నేను చూశాను. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. కోపం మాత్రం లేదు.

మళ్లీ వేయబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"బండి పడేదాక పోనియ్యకు బిడ్డా. తలుపు తీసుకోని దుంకేదాక ఎయ్యి. ఆయన బయటపడ్డది కనవడితే నాకు సాలు."

అట్లాగే వేశాను, ఆమె చాలు అనే దాకా. ఆ మధ్యాహ్నం నాచారం నుంచి ఉప్పల్ రోడ్డు దాకా, మా కనెక్షన్ ఉన్న ఏ ఇంట్లోనూ ఆ కారు మళ్లీ క్వారీలో పడలేదు.